నూట ముప్పై ఒక్క పౌండ్ల ఇసుక

రోండా మే నెల రెండో వారంలో ఇంటికి వచ్చింది. బట్టల బుట్టలు రెండు, ఒక దిండు, ఒక ఇనప మూకుడు. డేటన్‌లో మొగుణ్ణి వదిలేసి వచ్చిందని ఆ మూకుడు చూస్తేనే తెలిసింది. చుట్టపుచూపుగా పుట్టింటికి వచ్చే మనిషి మూకుడు తెచ్చుకోదు. నేనేమీ అడగలేదు. అతను నాకు పెళ్ళినాడే నచ్చలేదు. ఆ మాట ఆనాడే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గ్యారేజీ గుమ్మంలో నిలబడింది. లోపల బండి మీద గుడ్డ కప్పి ఉంది. రెండేళ్ళుగా అలాగే ఉంది.

"నాన్నా, ఆగస్టు ఆఖరి శనివారం పాతబళ్ళ పందెం ఉందిగా. అమ్మ బండి నేను తోలతాను," అంది.

"తోలవు."

"ఎందుకని?"

"ఆ వెనక కమాను కట్టల మీద తోలితే చస్తావు గనక."

బెదిరింపు కాదు, ఉన్నమాట. బండి అరవై తొమ్మిది మోడల్ కారు, రెండు తలుపులది. ముందు ఇంజను చూస్తే ఏనుగు. వెనక ఇరుసుని పట్టుకున్నవి మాత్రం రెండే రెండు కమాను కట్టలు, ఇనప పట్టీలు దొంతరగా పేర్చినవి. పందెం మొదలయ్యే గీత దగ్గర ఒక్కసారి ఇంజను బలమంతా వదిలితే ఇరుసు మెలి తిరుగుతుంది, కట్టలు విల్లులా వంగుతాయి, చక్రాలు నేలని పట్టుకోకుండా కుందేలులా గెంతుతాయి. గెంతే చక్రం ఎటు తీసుకుపోతుందో దేవుడికే తెలియాలి. రెండువైపులా కాంక్రీటు గోడలు.

ఓపల్ ఆ గెంతుడు మీదే ఇరవై రెండేళ్ళు తోలింది. ఓపల్ నా భార్య. నది పక్క పల్లంలో ఉన్న ట్రాక్ మీద, ఆరువందల అరవై అడుగుల పరుగులో, ఈ జిల్లాలో ఆమె ఓడించని మగాడు లేడు. మొగుడు పానా పట్టుకుంటే పెళ్ళాం స్టీరింగు పట్టుకుంటుందని మొదట్లో నవ్వారు. తర్వాత మానేశారు. పోయిన జనవరికి ముందు జనవరిలో ఆమె పోయింది.

ఆ కట్టలు పీకేసి నాలుగు కడ్డీలు, రెండు చుట్ట స్ప్రింగులు పెడతానని ఇరవయ్యేళ్ళు అడిగాను. ఇరవయ్యేళ్ళూ వద్దంది. "నువ్వు కింద పడుకుంటావు డెల్మర్, నేను పైన కూర్చుంటాను. అది ఎప్పుడు గెంతుతుందో నా నడుముకి తెలుసు," అనేది. ఆఖరి వేసవిలో బండి గెంతడమే కాదు, ఎడమకి లాగడం కూడా మొదలుపెట్టింది. కుడి కట్ట మీద ఒక రబ్బరు గాలిబుడ్డ ఉండేది. అందులో గాలి ఎక్కిస్తే కుడి చక్రం నేలని గట్టిగా నొక్కుతుంది, తీస్తే తేలికవుతుంది. బండి ఎటు లాగినా దానితో సరిచేసుకోవచ్చు. ప్రతి శనివారం కొంత గాలి తీస్తూ వచ్చాను. ఎడమ కట్ట చచ్చిపోయిందని తేల్చాను. అయినా ఓపల్ మార్చనివ్వలేదు.

"అయితే బాగుచెయ్యి," అంది రోండా.

"చేస్తే అంతా పీకేసి చేస్తాను. మీ అమ్మ ఒప్పుకోని పని."

"అమ్మ లేదుగా."

ఆ ఇంట్లో అంత సూటిగా ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఉన్నది నేనొక్కణ్ణే కదా.

కాఫీ తాగి కప్పు బోర్లించింది. "చూడు నాన్నా, నాకు నలభై నాలుగేళ్ళు. నీకు కాఫీ కాచి ఇస్తూ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోలేను. ఇక్కడ నాకంటూ చేసే పని ఒకటుంటే ఉంటాను. లేదంటే డేటన్‌లో వాడి మొహమైనా నాకు అలవాటే."

వాడి దగ్గరికి తిరిగి వెళితే ఏమవుతుందో ఆమె చేతి మీద చూశాను. మోచేతి పైన కమిలి పచ్చబడుతున్న మచ్చ. పొడుగు చేతుల చొక్కా వేసుకుంది గానీ కాఫీ తాగేటప్పుడు చెయ్యి ఎత్తక తప్పదు.

"పాత బట్టలు వేసుకురా," అన్నాను.

*

జూన్ అంతా పీకడమే సరిపోయింది. రోండాకి వృద్ధాశ్రమం వంటింట్లో పని దొరికింది. మధ్యాహ్నం మూడింటికి దిగి, నూనెవాసన వదలకుండానే వచ్చి బండి కింద దూరేది. ముప్పై ఎనిమిదేళ్ళ తుప్పు. ఒక్కొక్క బోల్టు ఊడిరావడానికి ఒక్కొక్క పూట. నేను వేడిచేసి కొట్టేవాణ్ణి, ఆమె నూనె పోసి తిప్పేది. మంచి చేతులే. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు.

ఆఖరికి రెండు కమాను కట్టలూ ఊడి వచ్చాయి. గ్యారేజీ నేల మీద పక్కపక్కన పెట్టించి, పైన ఇనప స్కేలు అడ్డంగా పెట్టాను. చచ్చిన ఎడమ కట్ట కిందికి కూరుకుపోయి ఉండాలి. స్కేలు రెండింటి మీదా సమానంగా కూర్చుంది. వేలిగోరు మందం తేడా కూడా లేదు.

"రెండూ ఒకటేగా నాన్నా?"

"నేల మీద ఒకటే. బరువు పడితే తెలుస్తుంది. ఇనుము అలిసిపోయినా కంటికి కనపడదు."

"కనపడకుండా నీకెలా తెలిసింది?"

"ముప్పై ఒక్కేళ్ళు జిల్లా స్కూలు బస్సులు బాగుచేశాను గనక."

నా చదువు ఎనిమిదో తరగతి. ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే టీచరు ఉన్న కొండబడి. అయినా ఇంజనీర్లు వదిలేసిన బస్సులు నేను నడిపించాను.

రోండా నేల మీదే కూర్చుని నుదురు తుడుచుకుంది. నుదుటికి మసి అంటింది. "నాన్నా, నాకు తెలీదు అని ఎప్పుడైనా అన్నావా?"

"తెలీనప్పుడు అంటాను."

"ఎప్పుడది?"

"ఆ రోజు ఇంకా రాలేదు."

నవ్వింది. వచ్చిన నెలన్నరలో అదే మొదటి నవ్వు. కట్టల్ని గొడ్లచావిడి వెనక పడేశాం.

కడ్డీలు పట్టుకునే చెవులు బండి చట్రానికి అతకాలి. అక్కడ రేకు పలచన. బస్సు బంపరు అతికినట్టు అతికితే కాలి బొక్కపడుతుంది. అతుకు వదిలిందంటే అరవై మైళ్ళ వేగంలో ఇరుసు బండిని వదిలేసి తనదారి తను చూసుకుంటుంది. అంత పలచటి పని చెయ్యగలిగిన మనిషి చుట్టుపక్కల ఒక్కడే. హర్షెల్. ఓపల్ తమ్ముడు. ముప్పయ్యేళ్ళు బొగ్గుగనిలో వెల్డర్.

రెండేళ్ళుగా అతనితో నాకు మాటల్లేవు. ఓపల్‌కి డొక్కలో నొప్పి ఆ ఆఖరి వేసవి జూన్‌లోనే మొదలైంది. చెప్పింది నాకు కాదు, అతనికి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది అతను. గడ్డ ఉంది, వెంటనే కోసి తియ్యాలన్నారు. పందేల కాలం అయ్యాక వస్తానంది. డెల్మర్‌కి చెప్పనని ఒట్టు పెట్టించుకుంది. వాడు పెట్టాడు, నిలబెట్టుకున్నాడు. నాకు తెలిసేసరికి అక్టోబరు. ఆ నాలుగు నెలలు ఎవరు మింగారంటే నాకు కనపడే మొహం ఒక్కటే. సమాధి దగ్గర చెయ్యి చాపాడు. నేను చాపలేదు.

"వాడు వద్దు," అన్నాను రోండాతో. "ఓహియోలో ఎవరినైనా వెతుకుదాం."

ఆమె తల ఊపింది. మర్నాడు మధ్యాహ్నం హర్షెల్ ట్రక్కు వచ్చి గేటు దగ్గర ఆగింది. వెనక వెల్డింగ్ మిషను.

"మామయ్యని నేను రమ్మన్నాను," అంది రోండా. "విరిగితే విరిగేది నా మెడ. వెల్డర్ని నేను ఎంచుకుంటాను."

హర్షెల్ దిగలేదు. కిటికీ అద్దం దించాడు. "పొమ్మంటే పోతాను బావా."

"నేను రమ్మనలేదు. పొమ్మనేదేముంది."

"అదీ నిజమే."

"ఇంట్లోకి మాత్రం రాకు."

"వెల్డింగ్ ఇంట్లోనా, గ్యారేజీలోనా?" అన్నాడు. నేను గ్యారేజీలోకి నడిచాను. మిషను దించుకున్నాడు.

*

జూలైలో పదకొండు రోజులు పనిచేశాడు. సాయంత్రం ట్రక్కు వెనక రేకు మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టె తినేవాడు. రోండా బీన్స్ గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చేది. నేను చూడనట్టుండేవాణ్ణి. మాట్లాడుకుంటే కొలతలే.

"ఈ చెవి పావు అంగుళం పైకి."

"ఎనిమిదో వంతు చాలు బావా. పావు అంటే ఇరుసు ముక్కు కిందికి దించుతుంది."

కొలిచి చూశాను. ఎనిమిదో వంతే సరైనది. అలాగే కానివ్వమన్నాను. పనిలో అబద్ధం ఆడను, ఎవరితోనైనా సరే.

అతుకులు చూస్తే పైసలు వరసగా పేర్చినట్టున్నాయి. సుత్తితో కొట్టి చూశాను. గంటలా మోగాయి. ఓపల్ ఉంటే వాడి భుజం చరిచేది. నేను సుత్తి పక్కన పెట్టాను.

అతను వెళ్ళాక బిగింపు పని నాది. ఈ పనిలో కొత్తవాళ్ళు ఒక తప్పు చేస్తారు. బండి స్టాండ్ల మీద ఉండగానే, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బిగించేస్తారు. కింద పెట్టగానే బరువుకి లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుంది. నేలమీదికి దించాలి, బరువంతా చక్రాల మీద పడాలి, తోలే మనిషి బరువు సీటులో ఉండాలి. అప్పుడే బిగించాలి. స్ప్రింగులు ఎక్కించేదీ దించేదీ అప్పుడే.

ఓపల్‌కి గంటల తరబడి గ్యారేజీలో కూర్చునే ఓపిక ఉండేది కాదు. అందుకని మొదటి ఏడాదే మా కొట్టంలో పొగాకు తూచే కాటా మీద ఆమెని నిలబెట్టి తూచాను. నూట ముప్పై ఒక్క పౌండ్లు. ఏటి ఇసుక తెచ్చి రెండు గోనెగుడ్డ సంచుల్లో సరిగ్గా అంతే పోశాను. మూతులు ఆమే కుట్టింది. ఇరవై రెండేళ్ళు ఆ సంచుల్నే సీటులో పెట్టి బండి కట్టాను. ఏ బెల్టు ఎక్కడ పెట్టాలో కూడా వాటికి కంఠతా వచ్చి ఉండాలి.

ట్రాక్ యజమాని దగ్గర చక్రాల కింద పెట్టే తూకం పలకలు నాలుగు అరువు తెచ్చాను. రోండా పనికి వెళ్ళింది. అరమీద నుంచి సంచులు దించి, దుమ్ము దులిపి, సీటులో కూర్చోబెట్టి, బెల్టు వేసి, స్ప్రింగులు తిప్పి, బోల్టులన్నీ బిగించాను. పలకల మీద అంకెలు గీత గీసినట్టు కుదిరాయి. ఇరవయ్యేళ్ళు అడిగిన పని పూర్తయింది. ఓపల్ ఒప్పుకోక చచ్చేది, చూసి ఉంటే.

*

ఆగస్టు మొదటి శనివారం సాధన పరుగులు. పల్లంలో గాలి లేదు. చిమ్మటలు తప్ప ఏదీ కదలడం లేదు. రోండా వాళ్ళమ్మ హెల్మెట్ పెట్టుకుంది. కుడి దారిలో గీత దగ్గరికి తెచ్చింది. నేను పరుగు మొదలుపెట్టించే మనిషి పక్కన నిలబడ్డాను. హర్షెల్ కంచె దగ్గర ఎక్కడో ఉన్నాడు.

పచ్చ దీపం వెలిగింది. చక్రాలు గెంతలేదు. వెనకభాగం నేలకి కరుచుకుని బండి రాయి విసిరినట్టు లేచింది. నేను చెప్పలేదా అనుకుంటుండగానే ముక్కు కుడికి తిరిగింది. తర్వాత మొత్తం బండి కుడికి జరిగింది. రోండా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసింది. గోడకి చెయ్యి పట్టేంత ఎడంలో ఆగింది.

నేను పరుగెత్తలేదు. నడిచి వెళ్ళాను. 

"స్టీరింగు కదిపావు," అన్నాను.

హెల్మెట్ తీసింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. "కదపలేదు."

"కదపకపోతే బండి గోడ దగ్గరికి ఎందుకు పోతుంది?"

"అది నన్నడుగుతావేం? కట్టింది నువ్వు."

"నేను కట్టింది సరిగ్గా కట్టాను. మీ మామయ్య అతుకు వదిలిందేమో."

"అతుకు వదిలితే ఇలా నిలబడి మాట్లాడుకోం," అన్నాడు హర్షెల్ వెనకనుంచి. కింద పడుకుని అప్పటికే టార్చిలైటుతో చూస్తున్నాడు. "గట్టిగానే ఉన్నాయి బావా. ఎనిమిది అతుకులూ."

"అయితే తోలేదానికి చేతకాలేదు."

రోండా హెల్మెట్ సీటులో పెట్టింది, నెమ్మదిగానే. "సోమవారం వంటింట్లో మానేస్తున్నానని చెప్తాను," అంది. "డేటన్‌లో కనీసం నా తప్పు అని చెప్పేవాడు తాగి ఉంటాడు. నువ్వు తాగకుండా చెప్తావు."

బండిని ట్రెయిలర్ ఎక్కించి ఇంటికి తెచ్చాం. 

ఆదివారం చర్చి అయ్యాక హర్షెల్ వచ్చాడు. మంచి చొక్కా మీదే. గ్యారేజీ గుమ్మంలో ఆగాడు. నేను పలకల మీద అంకెలు మూడోసారి చూస్తున్నాను. నా లెక్కలో తప్పులేదు.

"ఏ బరువు పెట్టి కట్టావు బావా?"

"సంచులు."

"అక్క సంచులా?"

"ఇంకేం సంచులున్నాయి నా దగ్గర?"

"రోండా అక్క కాదుగా." నెమ్మదిగా అన్నాడు. "ఆ పిల్ల ఒళ్ళున్న మనిషి. తోలే సీటు ఎడమవైపు కదా, అక్కడ అంత బరువు ఎక్కితే ఎడమ చక్రం ఎక్కువ కరుస్తుంది, బండి కుడికి పోతుంది. ఆ సంగతి నాకు నేర్పింది నువ్వే."

"కాస్త బరువు తేడాకి గోడ దాకా పోదు."

"పోతుంది బావా. ఇప్పుడు వెనక అంతా బిగువు. పాత కట్టలైతే దాచేవి. ఇది దాచదు." చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "పాత కట్టలూ మరీ అంతగా దాచలేదులే."

"ఏమంటున్నావు?"

"ఆ ఆఖరి వేసవి బండి ఎటు లాగింది?"

"ఎడమకి. ఎడమ కట్ట చచ్చి."

"జూన్‌లో డాక్టరు అక్కని తూచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నూట పద్నాలుగు." బయటికి చూస్తూ చెప్పాడు. "సెప్టెంబరులో ఇంకోసారి తీసుకెళ్ళాను. తొంభై ఆరు."

వెళ్ళిపోయాడు. ఎప్పుడు వెళ్ళాడో చూడలేదు.

గ్యారేజీ తలుపు చట్రం మీద సుద్దముక్కతో రాసిన అంకెలు అలాగే ఉన్నాయి. గాలిబుడ్డలో ప్రతి శనివారం ఎంత గాలి ఉంచానో రాసుకునేవాణ్ణి. ఇరవై రెండు. ఇరవై. పదిహేడు. పదిహేను. పన్నెండు. తొమ్మిది. నా చేతిరాతే. ఎనిమిదో తరగతి చదువు అయినా అంకెలు గుండ్రంగా రాస్తాను.

ఎండకి తిండి సయించడం లేదనేది. గౌను నడుము దగ్గర కుట్టు బిగిస్తుంటే చూశాను. వేసవిలో అందరూ కాస్త తగ్గుతారు అనుకున్నాను. వారం వారం ఆమె తేలికవుతోందని బండి చెబుతూనే ఉంది. నేను వారం వారం గాలి తీసి దాని నోరు మూశాను. ఎడమ కట్టకి ఏమీ కాలేదు. నేల మీద పెట్టి స్కేలుతో చూసినప్పుడే తెలియాలి.

తెలియలేదు.

*

రోండా తన గదిలో బుట్టలో బట్టలు మడుస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను.

"నీ బరువెంత?" అన్నాను.

తలెత్తి చూసింది. "నిన్న చంపబోయావు. ఇవాళ ఇదా?"

"బండి నీది కాని బరువుకి కట్టాను. తప్పు నాది. స్టీరింగు నువ్వు కదపలేదు."

మడుస్తున్న చొక్కా చేతిలోనే ఉండిపోయింది. నలభై నాలుగేళ్ళలో నా నోట ఆ మాట ఆమె వినలేదు. నేనూ వినలేదు.

"నూట యాభై," అంది.

"కాటా ఎక్కుదువు గాని రా."

"పొగాకు కాటానా? దానిమీద దూడల్ని కూడా తూచావు నాన్నా."

"అందుకే సరిగ్గా చూపిస్తుంది."

కొట్టంలో ఆమె ఎక్కి నిలబడింది. నేను గుండు జరిపాను. నూట డెబ్బై ఒకటి.

"బూట్లకి రెండు తీసెయ్."

"బూట్లతోనే తోలతావు."

"అయితే ఈ అంకె ఈ కొట్టం దాటకూడదు."

"హర్షెల్‌కి చెప్పాలి. కుడివైపు స్ప్రింగు తిప్పడానికి రెండో మనిషి కావాలి."

నా వైపు చూసింది. "ఫోను నేను చెయ్యనా?"

"నేనే చేస్తాను," అన్నాను. చేశాను. "రేపు మూడింటికి రా, పెద్ద పానా తెచ్చుకో," అన్నాను. "సరే బావా," అన్నాడు. 

బోల్టులన్నీ వదులు చేశాం. రోండా హెల్మెట్ పెట్టుకుని, బెల్టు వేసుకుని సీటులో కూర్చుంది. గంటన్నర. టమాటా రొట్టె తింది, చెమటకి తిట్టింది, కాలు తిమ్మిరెక్కిందని కదిలింది.

"కదలకు."

"సంచులు కదలవని నాకు తెలుసు నాన్నా. నేను మనిషిని."

"బావా, ఇసుకే నయం. ఇసుక తిట్టదు," అన్నాడు హర్షెల్ కింద నుంచి.

"మామయ్యా, పైకి రా, చెప్తాను."

నేను ఎడమ, అతను కుడి. ఒకే ఇరుసుకి రెండు చివర్లు. స్ప్రింగు రెండు చుట్లు, ఇంకో అర. అంకెలు దగ్గరికి వచ్చాయి, కలిశాయి. ఆమె బరువు మీదే బోల్టులన్నీ బిగించాం. ఆ సాయంత్రం హర్షెల్ బీన్స్ ఎక్కడ తిన్నాడని అడిగితే, ట్రక్కు మీదే. ఇంట్లోకి రమ్మని నేననలేదు.

ఆగస్టు ఆఖరి శనివారం మా జిల్లా అంతా పల్లంలోనే ఉంది. పచ్చ దీపం పడగానే బండి నేలని కరిచి లేచింది. గీసిన గీతలా పోయింది. గెంతలేదు, కుడికీ ఎడమకీ చూడలేదు. ఇరవై రెండేళ్ళలో ఓపల్ కూడా అంత సూటిగా పోలేదు. మొదటి పరుగు గెలిచింది, రెండోదీ గెలిచింది. మూడోదాంట్లో దీపం కంటే ముందే కదిలి ఓడిపోయింది. బండి తప్పు కాదు. ఆ మాట ఆమె నాకంటే ముందు అంది. "కాలు తొందరపడింది నాన్నా," అంది. "వచ్చే ఏడు పడదు." హెల్మెట్ చంకలో పెట్టుకుని, నవ్వుతూ, తనని ఓడించిన మనిషి చెయ్యి నలిగేలా ఊపింది.

హర్షెల్‌ని నేను క్షమించలేదు. ఇప్పటికీ. అతనొక్కడిదే తప్పని మాత్రం అనుకోవడం మానేశాను.

రోండా డేటన్ వెళ్ళలేదు. బట్టల బుట్టలు కోడిగుడ్లకి వాడుతోంది. సెప్టెంబరు మొదటి శనివారం పొద్దున్నే కొట్టంలోకి పిలిచాను.

"కాటా ఎక్కు."

"పందేలు అయిపోయాయిగా. ఇప్పుడెందుకు?"

"శనివారం శనివారం ఎక్కు. చలికాలమూ ఎక్కు."

"బండి కోసమా?"

"బండి కోసమే."

కాసేపు నా మొహంలోకి చూసింది. ఏం కనపడిందో, బూట్లతో సహా ఎక్కి నిలబడింది. గుండు జరిపాను. కడ్డీ ఊగి ఆగింది.

"నూట డెబ్బై రెండు," అన్నాను. "ఒకటి పెరిగావు."

"దానికి కూడా తిడతావా?"

"లేదు," అన్నాను. "దిగు. స్ప్రింగు పావు చుట్టు ఎక్కించాలి."